తాబేటి రాయి

విజయనగరం,
ఆగస్టు 4, 2024.

మా అప్పకి,

నీ చెల్లెలు తాయారు ఒళ్ళు మండి రాస్తున్న ఉత్తరం ఇది. ఫోను చేస్తే నీకు చెవి అందదు, నేను అరవాలి. నేను అరిస్తే ఇక్కడ పక్కవాటా నీలవేణీ అక్కడ మీ వీధివాళ్ళూ కూడా వింటారు. మా ఇంటి సంగతి ఊరికి చాటడమెందుకని కాగితం తీశాను. ఏడో తరగతి దాకా నువ్వు చదివిన చదువు ఈ చెల్లెలి ఏడుపు చదవడానికైనా పనికి రానీ.

మీ మరిది కరెంటాఫీసులో రిటైరై ఆరేళ్ళయింది. మనిషన్నవాడు రిటైరైతే పేపరు చదువుకుంటాడు, మొక్కలకి నీళ్ళు పోసుకుంటాడు. ఈయన రాళ్ళు ఏరుతాడు. గరివిడి నల్లరాళ్ళు, టెక్కలి నీలంరాళ్ళు, భోగాపురం వైపు రోడ్డు కోసం తవ్విపోసిన మట్టిలో దొరికిన చారలరాళ్ళు. ముందుగది అలమర నిండింది, మంచం కింద నిండింది, ఇప్పుడు నా పోపులపెట్టె పక్కకి వచ్చాయి. మొన్న కడిగిన రాళ్ళని ఇడ్లీ రేకుల్లో ఆరబెట్టాడు. ఆ రేకులు పనిమనిషికి ఇచ్చేసి కొత్తవి కొనుక్కున్నాను.

అదైనా భరిస్తాను గాని ఆ నాలిక భరించలేను అప్పా. రాయి తడిస్తేనే గీతలు కనపడతాయట. దారిలో ఏ రాయి తీసినా బొటనవేలితో మట్టి తుడిచి నాలికతో రాసి చూస్తాడు. ఏ కుక్క కాలెత్తిన రాయో, ఎవడు ఉమ్మేసిన రాయో చూసుకోడు. "ఛీ, ఇంటికి తెచ్చి కడుక్కుని చూడరాదా" అంటే, "నీకు తెలీదు తాయారూ, ఉప్పు తగుల్తాదో మట్టి తగుల్తాదో నాలిక సెప్పేస్తాది" అంటాడు. అదే నాలికతో మళ్ళీ నా కాఫీకి వంకలు పెడతాడు.

ఇంతకీ ఈ ఉత్తరం నీ దేవుడి గూట్లో ఉన్న రాయి గురించి. నాగావళి ఒడ్డున దొరికిందని ఈయన ఆ రాయి తెచ్చి మూడేళ్ళు కావస్తోంది. కోడిగుడ్డంత ఉండేది. పైన తాబేటి చిప్ప మీద ఉన్నట్టు గళ్ళు. కొన్నాళ్ళు దాచుకుని, కిందటేడు గ్రానైటు కోసేవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళి రెండు ముక్కలు చేయించాడు. లోపల ఉల్లిపాయ కోసినట్టు చుట్లు చుట్లుగా, గోధుమరంగూ తెలుపూ. ఒక సగం నీకు తెచ్చి ఇచ్చాడు. నువ్వు ఆ గళ్ళు చూడగానే "కూర్మనాథుడు తనంతట తానే మా ఇంటికొచ్చీసినాడు" అని కళ్ళకద్దుకున్నావు. శ్రీకూర్మం మొక్కుకుంటే పుట్టి కూర్మమ్మ అని పేరు పెట్టించుకున్నదానివి, నీకలా తోచడం తప్పు కాదు. అప్పట్నించీ రోజూ పాలతో కడుగుతున్నావు, నీళ్ళు పోస్తున్నావు, ఆ నీళ్ళే తీర్థం పుచ్చుకుంటున్నావు. రెండో సగంలోంచి పలుచగా బిళ్ళ తీయించి, వెండి చుట్టించి, మా పెళ్ళిరోజుకి నా మెడలో వేశాడు. ఏడాదిగా స్నానానికి కూడా తీయలేదు నేను.

ఇప్పుడు ఆ రాయికి పేరు కావాలట. వచ్చే నెల రాళ్ళు పోగేసేవాళ్ళంతా ఇక్కడ కల్యాణమండపంలో ప్రదర్శన పెడుతున్నారు. ప్రతి రాయి కిందా చీటీ ఉండాలి. ఈయన మొదట అగేటు అనే చారలరాయి అని రాశాడు, కొట్టేశాడు. తరవాత తాబేలు శిలగా మారిందని రాశాడు. చివరికి ఎచ్చెర్లలో రాళ్ళ చదువు చెప్పే ఝాన్సీ మేడమ్‌ని బతిమాలి ఇంటికి పిలిచాడు. చిన్నపిల్ల, మన పిల్లల వయసు ఉంటుందేమో, చాలా మర్యాదస్తురాలు. బిళ్ళ నా మెడలోంచి తీయించి భూతద్దంతో చూసింది. సూదితో గీసింది. చుక్క ఆసిడ్ వేసింది. అరచేతిలో ఎత్తి చూసి, "సార్, ఇది రాయి కాదేమోనండి. బరువు చాలడం లేదు" అంది.

దాంతో ఈయన కస్సుమన్నాడు. "ఏటమ్మా, నువ్వు పుట్టకముందు నించీ రాళ్ళు సూస్తన్నాను నేను!" నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల నవ్వి ఊరుకుని, ఏ ఫ్యాక్టరీ మడ్డో గట్టిపడి ఇలా అయిందేమో, తెలిసినవాళ్ళకి చూపిస్తానని చిన్న పెచ్చు తీసుకెళ్ళింది. నేను మాత్రం బిళ్ళ మళ్ళీ మెడలో వేసుకున్నాను, అలవాటైపోయి.

అప్పా, ఒక్క మాట విను. ఆవిడ ఏ సంగతో తేల్చేదాకా ఆ తీర్థం తాగకు. దండం పెట్టుకో, పువ్వు పెట్టుకో, కాదనను. కడిగిన నీళ్ళు మాత్రం మొక్క మొదట్లో పోసెయ్యి.

నీ చెల్లెలు,
తాయారు


విజయనగరం,
ఆగస్టు 19, 2024.

అప్పా,

నీ కార్డు అందింది. "కూర్మనాథుడికి పరీక్షలేటే, సిగ్గులేదా" అని ఒక్క ముక్క రాశావు. నీకు కోపం వచ్చిందని తెలుసు. ఇది చదివితే ఇంకా వస్తుంది. నోట్లో ఏమీ లేనప్పుడు, కూర్చుని చదువు. దగ్గర ఎవరూ లేకుండా చదువు.

శుక్రవారం సాయంత్రం ఝాన్సీ మేడమ్ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో కాగితం ఉంది, విప్పలేదు. "సార్, ఇది నాగావళి ఒడ్డున ఎక్కడ దొరికిందండి?" అని అడిగింది. "ఒడ్డునేనమ్మా, సెప్పాను కదా" అన్నాడు ఈయన. "అది మంటలో కాలింది సార్. అందుకు అడుగుతున్నాను" అంది. ఈయన మొహంలో నెత్తురు లేదు. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "ఇది నేలలో పుట్టింది కాదండి. మనిషి ఒంట్లో పెరిగింది. మూత్రపుసంచిలో. ఆ చుట్లున్నాయి కదా, ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరలు. ఇంత అవడానికి ఏళ్ళు పడుతుందట. డాక్టరుగారు చూసి ఇందులో రాసిచ్చారు."

నా చెయ్యి మెడ మీదకి వెళ్ళింది. బిళ్ళ వెచ్చగా తగిలింది. ఆవిడని గుమ్మం దాకా సాగనంపాను.

తలుపు వేసి అడిగాను. ఈయన నేల చూస్తూ చెప్పాడు. "మావయ్యగారి ఎముకలు ఏరిన రోజు ఏటి ఒడ్డున దొరికింది. బుగ్గిలో కనపడింది. ఏటిరాయి అనుకున్నాను తాయారూ. వేడికి గళ్ళు పడ్డాయనుకున్నాను. జేబులో ఎట్టీసుకున్నాను."

"నాలికతో రాశారా?"

అలమర వైపు తిరిగాడు.

"రాశారా అని అడుగుతన్నాను."

"ఊఁ" అన్నాడు.

అప్పా, నాన్న. మన నాన్న. మన చిన్నాన్న కొడుకు హరిబాబు కుండ పట్టుకుని తండ్రి తరవాత తండ్రి అని తన పెదనాన్న ఎముకలు ఏరుతుంటే, ఇంటల్లుడు పక్కన నిలబడి రాళ్ళు చూసుకున్నాడు. దొరికినదాన్ని నాకాడు. కోయించాడు, మెరుగు పెట్టించాడు, సగం తెచ్చి నీ చేత పూజ చేయించాడు, సగం నా గుండెల మీద వేలాడదీశాడు. నేను పెళ్ళిళ్ళకి పెట్టుకెళ్ళాను. నీలవేణి చూసి బాగుందంటే, ఎక్కడా దొరకదని గొప్పలు చెప్పాను. ఆ రోజు నాలుగుసార్లు స్నానం చేశాను. బిళ్ళ తెంపి సబ్బుపెట్టెలో పెట్టి, ఆ పెట్టెని పెరట్లో గట్టు మీద పెట్టాను. ఇంట్లోకి తేవడానికి మనసొప్పదు, పారేయడానికి చెయ్యి రాదు.

ఈ మనిషిని చూస్తే రోత పుడుతోంది. అన్నం కంచంలో పెడితే వేళ్ళు నాకుతాడు కదా, అటు చూడలేకపోతున్నాను. మంచినీళ్ళ గ్లాసు వేరు పెట్టాను. ఆయన ఏడుస్తున్నాడు కూడా. ఆ ఏడుపూ రోతగానే ఉంది. నేను ఇక ఈ ఇంట్లో ఉండలేను. నీ దగ్గరికి వచ్చేస్తాను అప్పా, నాకో మూల చాలు. నువ్వు మాత్రం ఈ ఉత్తరం చదివాక ఆ రాయి పట్టుకెళ్ళి నాగావళిలో కలిపెయ్యి. ఎవరికీ చెప్పకు. మన ఇద్దరి మధ్యే పోనీ.

ఇక్కడితో ఉత్తరం ముగించి అంటించేశాను. మళ్ళీ విప్పి రాస్తున్నాను. ఈయన మీద ఇంత ఉమ్మి నా మీద ఉమ్ముకోకపోతే ఎలా.

నాన్న పోవడానికి ఏడాది ముందు మా ఇంటికి వచ్చి ఎనిమిది రోజులు ఉన్నాడు, గుర్తుందా. సంచీలో బెండకాయలు తెచ్చాడు. మొదటిరోజు భోజనాల దగ్గర అన్నాడు, "తాయారూ, కడుపులో రాయి ఉన్నాదే. ఒంటికెళ్తే సగంలో అడ్డం పడిపోతన్నాది. పెద్దాసుపత్రిలో సూపించవే." వెంటనే మీ మరిది, "మావయ్యా, బయటికొస్తే నాకియ్యండి, అలమరలో ఎడతాను" అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. నాన్న మా ఇద్దరి మొహాలూ చూసి, తనూ నవ్వాడు.

తరవాత రోజూ రేపు అన్నాను. ఒకరోజు నీలవేణి ఇంట్లో పేరంటం, ఒకరోజు గ్యాసు బండ వస్తుందన్నారు, ఒకరోజు నాకు బద్ధకం. తొమ్మిదో రోజు పొద్దున్నే ఆయనే సంచీ సర్దుకుని, "తగ్గిపోనాదిలే అమ్మా" అని రైలుకి వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు హాయిగా ఉంది, నమ్మేశాను. నువ్వు ఫోనులో అడిగినప్పుడు నీకేం చెప్పానో గుర్తుందా? డాక్టరుకి చూపించాను, స్కానింగు తీశారు, ఏమీ లేదన్నారు, అంతా ఆయన మనసులోనే ఉంది అని. అబద్ధం అప్పా. ఆసుపత్రి మెట్టు కూడా ఎక్కించలేదు. మర్నాడు నేనే మరిచిపోయేంత తేలిగ్గా ఆడిన అబద్ధం.

ఆ మాట నమ్మి నువ్వు ఆయన్ని ఎన్ని అన్నావో నాకు తెలీదు. అడగడానికి ధైర్యం లేదు.

నీ
తాయారు


సెప్టెంబరు 2, 2024.

తాయారుకి,

మీ అప్ప కూర్మమ్మ రాసేది. నీ ఉత్తరం వచ్చి పది రోజులయింది. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది, ఏమనుకోకు.

వాంతయిందా లేదా అని నీకు ఉంటుంది. అయింది. దొడ్లో కూర్చుని పేగులు నోట్లోకి వచ్చేలా కక్కాను. కోడలు తులసి పరుగెత్తుకొచ్చి ఏం తిన్నావని అడిగితే ఎండుచేప పడలేదని చెప్పాను. ఏడాదిగా నేను తాగిన నీళ్ళన్నీ గుర్తొచ్చాయి. తరవాత కాస్త స్థిమితపడ్డాక అనిపించింది, ఆఖరి రెండేళ్ళూ ఆయన తడిపిన పక్కబట్టలు నేనే ఉతికాను కదా. అప్పుడు ముక్కు మూసుకోలేదు. ఇప్పుడు కొత్తగా ఏమొచ్చిందని మూతి తుడుచుకుని లోపలికొచ్చాను.

నీ అబద్ధం సంగతి. తాయారూ, ఆ అబద్ధం నాకు తెలుసు. నాన్న రైలు దిగి ఆమదాలవలస నించి ఆటోలో వచ్చి, సంచీ దించకుండానే చెప్పాడు. "తాయారు తీసికెళ్ళనేదే. దానికి పనులున్నాయి" అన్నాడు. మర్నాడు నువ్వు ఫోనులో స్కానింగు తీయించానన్నావు. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు తెలీదా? నాన్న ఏనాడైనా అబద్ధమాడాడా? అయినా నీ మాటే పట్టుకున్నాను. నీ మాట నమ్మితే నాకు పని తప్పుతుంది. పొలంలో ఊడ్పులు, నా మోకాళ్ళు, ఆయన్ని శ్రీకాకుళం తిప్పే ఓపిక ఎక్కడిది? "డాక్టరే ఏటీ లేదన్నాడట, ఇంకా ఏటి నీ గోల" అని కసిరాను. ఊళ్ళోవాళ్ళు రాయి జగన్నాధం అని పేరు పెట్టి, రచ్చ మీద కనపడితే "ఏటి మావా, రాయి ఎంతయినాది" అనేవారు. నేను వారించలేదు.

ఇంకా ఉంది. పక్క తడుపుతున్నాడని దీపాలు పెట్టాక మంచినీళ్ళు ఇవ్వడం మానేశాను. గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వస్తే లాక్కున్నాను. "పొద్దున తాగుదువుగాని" అనేదాన్ని. మీ డాక్టరుగారి కాగితం నేను చదవలేదు గాని, నీళ్ళు తాగకపోతే అలాంటి రాయి పెరుగుతుందని హరిబాబు చెప్పాడు. నేను ఊరికే అడిగినట్టు అడిగాను. నీ ఉత్తరం వచ్చాక కూడా రోజూ ఆ రాయికి నీళ్ళు పోస్తున్నాను. పాలు మానేశాను, తీర్థం మానేశాను. నీళ్ళు మానలేకపోతున్నాను.

జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు కదా. మూడో రోజు మాట స్పష్టంగానే ఉంది. నన్ను దగ్గరికి రమ్మని చెవిలో చెప్పాడు. నాకు చెవి అందదని తెలుసు, అందుకని మెల్లమెల్లగా రెండుసార్లు చెప్పాడు. "నాను కాలిపోయాక బుగ్గిలో సూడమనవే. రాయి దొరుకుతాది. అప్పుడైనా నమ్ముతారు." నీకు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఎముకలు ఏరడానికి వెళ్తున్న హరిబాబుని మాత్రం పక్కకి పిలిచి, రాయిలాంటిదేమైనా ఉంటే తెమ్మన్నాను. వాడు వచ్చి, "బాగా సూసినాను అప్పా, ఏటీ నేదు" అన్నాడు.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? దేవుడికి దండం పెట్టుకున్నాను. నాన్న పోయిన మూడో రోజు కడుపునిండా అన్నం తిన్నాను. రాయి లేదు, కాబట్టి ఆయనకి జబ్బు లేదు, కాబట్టి నేను చేసిందేమీ లేదు. మూడేళ్ళు ఆ ఒక్క మాట మీదే నిద్రపోయాను. హరిబాబు కంటే ముందు మీ ఆయన చెయ్యి పడి దాన్ని జేబులో వేసుకోబట్టి నాకు ఆ నిద్ర దొరికింది. నిన్ను ఆయన మీద రోత పడొద్దని అనను. పడు. నీకు ఆ హక్కుంది. కాని ఆ రోతతో నా దగ్గరికి రాకు. ఇక్కడున్నదాన్ని చూస్తే అది తగ్గదు, పెరుగుతుంది. నన్ను నేను చూసుకుంటే నాకే పెరుగుతోంది.

నాగావళిలో కలిపెయ్యమన్నావు. ఎవరికీ చెప్పొద్దన్నావు. తాయారూ, ఆయన అడిగింది ఒక్కటే. నమ్మమని. కాలిపోయాకైనా నమ్మమని. అది ఏట్లో పడేస్తే ఇంకోసారి అబద్ధాలకోరుని చేసినట్టే. కలపడానికి నేను ఒప్పుకోను.

ఈ నెల ఇరవై రెండున నాన్న తిథి. మన వాళ్ళందరూ వస్తారు, వీధివాళ్ళూ భోజనానికి వస్తారు. రాయి జగన్నాధం అని నవ్వినవాళ్ళు అందరూ వస్తారు, బూరెలు బాగుంటాయని. నువ్వు మీ ఆయన్ని తీసుకునే రా. ఆ సబ్బుపెట్టె తీసుకురా, డాక్టరుగారి కాగితం తీసుకురా. వడ్డన ముందే అందర్నీ కూర్చోబెడదాం. నేను రెండు ముక్కలూ పళ్ళెంలో పెట్టి అందరి చేతికీ ఇస్తాను. ముట్టుకోమంటాను. ఛీ అన్నవాళ్ళని అననీ. లేచి వెళ్ళిపోయేవాళ్ళని పోనీ, వండినది కుక్కలకైనా పెడతాను.

ముందు నేను మాట్లాడతాను. నీళ్ళ సంగతి చెప్తాను. తరవాత నువ్వు లేచి ఆసుపత్రి సంగతి చెప్పు. దాచకుండా చెప్పు, ఎనిమిది రోజులూ చెప్పు. మరిదిని ఆఖరున మాట్లాడమను. మన ముగ్గురిలో చిన్న తప్పు అతనిదే.

మీ అప్ప,
కూర్మమ్మ